డ్రాయింగు పీరియడ్ దేనికి?

(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వెలువడింది. పింఛను అనేది ప్రభుత్వం దయతలచి వేసే భిక్ష కాదనీ, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అనీ ఆ తీర్పు తేల్చి చెప్పింది. అందుకే ఏటా ఈ రోజున కలుసుకుంటాం. డి.ఎ. బకాయిల గురించీ, వైద్య ఖర్చుల బిల్లుల గురించీ మాట్లాడుకుంటాం. మాట్లాడుకోవలసిందే. అయితే ఈసారి కార్యదర్శిగారు, "మన గోడు ఎప్పుడూ ఉండేదే. మనవల గురించి ఒక ఉపన్యాసం ఉండాలి. మీరు డ్రాయింగు మేష్టారు కదా, పిల్లలకు బడిలో బొమ్మలెందుకో చెప్పండి" అని పురమాయించారు. వారి ఆజ్ఞ మేరకు మీ ముందు నిలబడ్డాను.

ముప్ఫై మూడేళ్లు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో డ్రాయింగు మాస్టరుగా పనిచేశాను. ఒకసారి ఏదో బిల్లు పనిమీద ట్రెజరీకి వెళితే, అక్కడ కొత్తగా చేరిన గుమాస్తా, "మీరెవరండీ?" అన్నాడు. "డ్రాయింగ్..." అని నేను అనేలోపే లేచి నిలబడి కుర్చీ జరిపాడు. "డ్రాయింగ్ ఆఫీసరుగారా, కూర్చోండి సార్" అన్నాడు. "కాదు బాబూ, ఆయన జీతాలు డ్రా చేస్తారు, నేను బొమ్మలు డ్రా చేస్తాను" అన్నాను. కుర్చీ మళ్లీ యథాస్థానానికి వెళ్లిపోయింది. మన వ్యవస్థలో ఈ రెండు డ్రాయింగులకూ ఉన్న తేడా అంత!

ఆ తేడా బడిలో ఇంకా స్పష్టంగా కనిపించేది. లెక్కల సిలబస్ మిగిలిపోయిందా, డ్రాయింగు పీరియడ్ తీసుకో. పదో తరగతికి స్పెషల్ క్లాసు పెట్టాలా, డ్రాయింగు పీరియడ్ ఉంది. పంద్రాగస్టుకు రంగుకాగితాలు అంటించాలా, బోర్డు మీద స్వాగతం రాయాలా, అప్పుడు మాత్రం డ్రాయింగు మేష్టారు కావాలి. ఇది ఒక బడి కథ కాదు. ఈ సభలో ఉన్న ఉపాధ్యాయ మిత్రులంతా ఎరిగిన సంగతే.

తల్లిదండ్రులు నన్ను తరచుగా అడిగిన ప్రశ్న ఒకటుంది. "మావాడు బొమ్మలు బాగా వేస్తాడు మేష్టారూ, దీనివల్ల ముందు ముందు ఉపయోగం ఏమైనా ఉంటుందా?" ఉపయోగం అంటే ఉద్యోగం అని అర్థం. బొమ్మలు వెయ్యలేని పిల్లల తల్లిదండ్రులైతే ఆ మాత్రం కూడా అడగలేదు. "మావాడికి ఆ కళ లేదు లెండి" అని వదిలేశారు. నేను ఈ రోజు ముఖ్యంగా ఆ రెండో రకం పిల్లల తరఫున మాట్లాడదలచుకున్నాను. నా దగ్గర చదువుకున్న వేలమందిలో చిత్రకారులైన వారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. లెక్కలు చెప్పేది అందరూ రామానుజన్‌లు కావాలని కాదు. తెలుగు చెప్పేది అందరూ కవులు కావాలని కాదు. అలాగే డ్రాయింగు చెప్పేది అందరూ దామెర్ల రామారావులు కావాలని కాదు.

మరి దేనికి? దీనికి జవాబు నాకంటే మీ సర్వీసే బాగా చెబుతుంది. ఇక్కడ సర్వే శాఖలో పనిచేసిన వారున్నారు. ఎఫ్.ఎం.బి. స్కెచ్ గియ్యకుండా ఒక్క పొలం గట్టు తగాదా అయినా తేల్చారా? ఇంజనీరింగు శాఖల వారున్నారు. ప్లాను చదవలేని ఓవర్సీరు కల్వర్టు కట్టించగలడా? పోలీసు శాఖ వారున్నారు. నేరం జరిగిన చోటు రఫ్ స్కెచ్ గీసి ఫైలులో పెట్టవలసి వచ్చేది కదా. విద్యుత్ శాఖ వారికి లైన్ల స్కెచ్ ఉండేది. ఐ.టి.ఐ.లో ఫిట్టర్ చదివినా, టర్నర్ చదివినా ఇంజనీరింగ్ డ్రాయింగ్ తప్పదు. ఇంట్లో అమ్మాయి జాకెట్టు కత్తిరించాలన్నా ముందు గుడ్డమీద సుద్దతో గియ్యవలసిందే. ఇంతమంది చేతికి అన్నం పెట్టిన విద్యను మనం "బొమ్మలు" అని తేలిగ్గా అనేస్తున్నాం.

అయితే ఉద్యోగాలకు పనికివస్తుందన్నది చిన్న కారణం. పెద్ద కారణం ఇంకొకటి ఉంది. డ్రాయింగు చూడడం నేర్పుతుంది.

"చూడడం నేర్పేదేముంది, కళ్లుంటే చాలదా" అంటారేమో. ఒక చిన్న పరీక్ష చెబుతాను. ఇంటికి వెళ్లాక మీ మనవడి ముందు ఒక మట్టికుండనో, స్టీలు చెంబునో స్టూలు మీద పెట్టి గియ్యమనండి. నూటికి తొంభై మంది పిల్లలు మూతిని గుండ్రంగా, పూర్తి వలయంగా గీస్తారు. అడుగును మాత్రం స్కేలు పెట్టి తిన్నగా గీస్తారు. ఎందుకంటే కుండ మూతి గుండ్రమని వాడికి తెలుసు, అడుగు బల్లమీద తిన్నగా కూర్చుంటుందని తెలుసు. వాడు తెలిసింది గీశాడు. కనిపించింది గియ్యలేదు. అప్పుడు మనం, "నాయనా, ఒక కన్ను మూసి చూడు. మూతి నిజంగా గుండ్రంగా కనిపిస్తోందా?" అని అడగాలి. వాడు చూస్తాడు. మళ్లీ చూస్తాడు. మూతి కోడిగుడ్డులా అణిగి కనిపిస్తోందని ఒప్పుకుంటాడు. స్టూలు ఎత్తు పెంచితే ఇంకా అణుగుతుంది. సరిగ్గా కంటి ఎత్తుకు తెస్తే గీతలా అయిపోతుంది. 

చూడండి, ఇక్కడ జరిగింది బొమ్మ ఒక్కటే కాదు. తనకు తెలుసనుకున్నదాన్ని కళ్లెదుట ఉన్న వస్తువుతో సరిపోల్చుకుని దిద్దుకోవడం వాడు నేర్చుకున్నాడు. శాస్త్రజ్ఞుడు చేసే పని కూడా అదే. స్పెయిన్ దేశంలో రమోన్ య కహాల్ అనే వైద్య శాస్త్రజ్ఞుడుండేవాడు. చిన్నప్పుడు ఆయనకు బొమ్మల పిచ్చి. తండ్రి వైద్యుడు. కొడుకు కూడా వైద్యుడే కావాలని పట్టుబట్టి, ఆ దారికి మళ్లించాడు. బొమ్మలు గీసే ఆ చెయ్యి మాత్రం ఊరుకోలేదు. సూక్ష్మదర్శినిలో మెదడులోని నాడీకణాలను చూసి, వాటి కొమ్మలూ రెమ్మలూ కాగితం మీద గీశాడు. నాడీకణాలు ఒకదానికొకటి అతుక్కుపోయిన వల కాదనీ, వేటికవి విడిగా ఉన్న కణాలనీ వాదించి నిలబెట్టాడు. 1906లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆనాటి ఆయన బొమ్మలు ఈనాటికీ వైద్య గ్రంథాల్లో అచ్చవుతున్నాయి.

చూడడంలో ఇంకో పక్క కూడా ఉంది. డ్రాయింగు పీరియడ్‌లో పిల్లవాడు వస్తువును చూస్తే, ఉపాధ్యాయుడు పిల్లవాణ్ణి చూస్తాడు. నా సర్వీసులో జరిగిన సంగతి ఒకటి మనవి చేస్తాను. ఎనిమిదో తరగతిలో ఒక కుర్రవాడుండేవాడు. బోర్డు మీద ఉన్నది చూసి రాయడం కూడా చేతకాని మొద్దు అని వాడికి పేరు పడిపోయింది. వెనక బెంచీకి స్థిరపడ్డాడు. ఒకరోజు బల్లమీద కుండ పెట్టి, దాని మీద సున్నంతో మూడు సన్నని గీతలు గీసి, చూసి వెయ్యమన్నాను. వాడి కుండ ఆకారం చక్కగా కుదిరింది. కానీ సున్నపు గీతలు లేవు. "గీతలేవిరా?" అంటే, "ఏ గీతలండీ?" అన్నాడు. ముందు బెంచీలోకి తెచ్చి కూర్చోబెట్టాను. మూడు గీతలూ వేశాడు. మూడో గీత ఒకచోట చెరిగి ఉంటే, ఆ చెరిగింది కూడా వేశాడు. మర్నాడు వాళ్ల నాన్నను పిలిపించి విషయం చెప్పాను. టౌనులో ప్రభుత్వాసుపత్రిలో చూపిస్తే హ్రస్వదృష్టి అన్నారు. కళ్లజోడు వచ్చింది. ఆ తర్వాత వాడు క్లాసులో మొదటి ర్యాంకు తెచ్చుకోలేదు. అటువంటి కథలు నేను చెప్పను. కానీ పదో తరగతి గట్టెక్కాడు, ఐ.టి.ఐ. చేశాడు, సొంత కాళ్లమీద నిలబడ్డాడు. వాడికి లోపం కంట్లో ఉంటే, అందరూ బుర్రలో ఉందనుకున్నారు. రెండేళ్లపాటు చూచిరాతల్లోనూ, నోట్సుల్లోనూ బయటపడని సంగతి ఒక్క కుండ బొమ్మలో బయటపడింది.

ఇక ఇంట్లో చిన్నపిల్లలున్న తాతయ్యలకూ, అమ్మమ్మలకూ, నానమ్మలకూ పనికివచ్చే మాట ఒకటి. పిల్లల బొమ్మలకు ఒక వయసు క్రమం ఉంది. ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే ఆచార్యుడు 1947లో ప్రచురించిన గ్రంథంలో దీన్ని విపులంగా వివరించాడు. రెండేళ్ల పిల్ల పిచ్చిగీతలు గీస్తుంది. అది పిచ్చి కాదు, చెయ్యి తన మాట వింటోందా లేదా అని చూసుకోవడం. మూడు నాలుగేళ్లకు ఒక గుండ్రన గీసి, దానికే కాళ్లు తగిలించి "ఇది అమ్మ" అంటుంది. పొట్ట ఉండదు, తలకాయకే కాళ్లు మొలుస్తాయి. కంగారు పడకండి. లోకంలో పిల్లలు చాలామంది మొదట గీసే మనిషి అలాగే ఉంటాడు. ఆరేడేళ్లకు కాగితం అడుగున నేల గీత, పైన ఆకాశపు నీలం చార, మధ్యలో ఖాళీ. ఇంటి గోడలోంచి లోపలి మంచం, వంటగది కనిపిస్తూ ఉంటాయి. ఇష్టమైన మనిషి ఇంటికంటే పొడుగ్గా ఉంటాడు. తాతయ్య బొమ్మ తాటిచెట్టంత వేసిందంటే తప్పు వేసిందని అనకండి. ఆ పిల్ల మనసులో మీ కొలత అంత!

తొమ్మిది పదేళ్లు వచ్చేసరికి కష్టకాలం మొదలవుతుంది. అప్పటిదాకా ధీమాగా గీసిన పిల్లవాడు, తన బొమ్మ నిజం వస్తువులా లేదని గమనిస్తాడు. సిగ్గుపడతాడు. రబ్బరుతో చెరిపి చెరిపి కాగితం చింపుతాడు. "నాకు రాదు" అనే మాట అప్పుడు పుడుతుంది. సరిగ్గా ఆ వయసులో పక్కన కూర్చుని, నేను చెప్పిన కుండ మూతి కిటుకు చూపించే ఉపాధ్యాయుడు కావాలి. మన బడుల్లో సరిగ్గా ఆ వయసులోనే డ్రాయింగు పీరియడ్ ఎగిరిపోతుంది. అందుకే ఇవాళ ఈ హాలులో బొమ్మ వెయ్యమంటే నూటికి తొంభై ఐదు మందిమి "నాకు రాదండీ" అంటాం. రాకపోవడం కాదు, పదో ఏట ఆగిపోయింది, అంతే.

ఇదంతా పడమటి దేశాల గొడవ అని అనుకోవద్దు. ఇక్కడున్న అమ్మలందరూ ఈ విద్యలో పండితులే. ధనుర్మాసం మొదలైంది. తెల్లవారుజామున వాకిట్లో పదిహేను చుక్కలు పెట్టి, ఒకటికి వచ్చేదాకా తగ్గించుకుంటూ, చుక్క తప్పకుండా, గీత తెగకుండా మెలికల ముగ్గు వేసే ఇల్లాలికి జామెట్రీ రాదని ఎవరనగలరు? సౌష్ఠవం అంటే ఏమిటో, ఒక మూల చేసిన మెలిక నాలుగు మూలలా ఎలా తిరిగి రావాలో ఆమె చేతికి తెలుసు. పుస్తకం లేదు, పరీక్ష లేదు. తల్లి పక్కన కూర్చుని పిండి జారవిడవడంతో వచ్చిన విద్య అది. ఇవాళ స్టిక్కరు ముగ్గులు వచ్చాయి. అతికించడానికి నిమిషం చాలు. నిమిషం మిగిలింది, విద్య పోయింది.

శ్రీకాళహస్తి కలంకారీ సంగతి తీసుకోండి. బట్టను కరక్కాయ రసం, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి, ఆ నీళ్లలో వెదురు కలం ముంచి గీస్తారు. ఆ నీరు బట్టను తాకగానే గీత నల్లబడుతుంది. ఎందుకు నల్లబడింది? కరక్కాయలోని టానిన్, ఇనుముతో కలిసింది కనుక. పాలు ఎందుకు? పాలలోని కొవ్వు వల్ల గీత అలుక్కుపోదు. నేనొకసారి తొమ్మిదో తరగతి పిల్లలచేత కరక్కాయ నీళ్లతో, మేకులు ఊరబెట్టిన నీళ్లతో చిన్న గుడ్డముక్కల మీద గీయించాను. సైన్సు మేష్టారు వచ్చి నిలబడి, "ఈ పాఠం నేను నెలరోజులు చెప్పినా వీళ్లకింత గుర్తుండదు" అన్నారు. కొండపల్లి బొమ్మకు తెల్లపొణికి కర్రే ఎందుకు, ఏటికొప్పాక బొమ్మకు అంకుడు కర్రే ఎందుకు అని అడిగితే, వృక్షశాస్త్రం అక్కడే మొదలవుతుంది. చేతిపనికీ చదువుకూ మధ్య గోడ కట్టింది మనమే.

ఆ గోడ ఉండకూడదని మన పెద్దలు ఎప్పుడో చెప్పారు. 1937లో గాంధీజీ పిలుపు మీద వార్ధాలో విద్యా సమ్మేళనం జరిగింది. తర్వాత జాకిర్ హుస్సేన్ కమిటీ తయారుచేసిన ప్రణాళికలో వృత్తిపని, మాతృభాష, గణితం, సామాన్యశాస్త్రం సరసనే చిత్రలేఖనం, సంగీతం ఉన్నాయి. కూడూ గుడ్డా లేని దేశంలో పల్లెటూరి పిల్లలకోసం వేసిన ప్రణాళిక అది! శాంతినికేతన్‌లో రవీంద్రులు 1919లో కళాభవన్ ప్రారంభించారు. నందలాల్ బోస్ దాన్ని నడిపారు. మన రాజ్యాంగం మూలప్రతి పుటలను చిత్రాలతో అలంకరించింది ఆ నందలాల్, ఆయన శిష్యులే. పింఛనుదారులం కాబట్టి ఒక సంగతి ప్రత్యేకంగా గుర్తుచేస్తాను. రవీంద్రులు గట్టిగా కుంచె పట్టింది అరవై ఏళ్లు దాటిన తర్వాతే. రాతప్రతుల్లో కొట్టివేతలను బొమ్మలుగా మలుస్తూ మొదలుపెట్టి, 1930లో పారిస్‌లో ప్రదర్శన పెట్టారు. మొత్తం రెండువేలకు పైగా చిత్రాలు వేశారు. "ఈ వయసులో మనకెందుకు" అనేవారికి ఇంతకంటే జవాబు లేదు.

మన గోదావరి గడ్డ మీద జరిగింది కూడా చెప్పుకోవాలి. రాజమండ్రి ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు ప్రిన్సిపాల్‌గా ఉండేవారు. ఆయన పని కాలేజీ నడపడం, పాఠం చెప్పడం. కానీ బొమ్మలు గీసే కుర్రవాళ్లను కనిపెట్టే కన్ను ఆయనకుంది. 1897లో పుట్టిన దామెర్ల రామారావులోని కళను గుర్తించి, బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు వెళ్లే దారి చూపారు. రామారావు చదువు ముగించి రాజమండ్రి తిరిగివచ్చి, పదిమందికి నేర్పడానికి చిత్రకళాశాల పెట్టారు. 1925లో మశూచి సోకి, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే కన్నుమూశారు. ఆయన చిత్రాలు నేటికీ రాజమండ్రి చిత్రశాలలో ఉన్నాయి. కూల్డ్రే ప్రభావంలో పెరిగిన మరో విద్యార్థి అడవి బాపిరాజు. ఆయన తర్వాత బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార్ చటర్జీ వద్ద చిత్రకళ అభ్యసించారు. "నారాయణరావు" నవల రాసిన చెయ్యీ బొమ్మలు వేసిన చెయ్యీ ఒక్కటే. పరీక్షల్లో మార్కులకు సంబంధం లేని ఒక విషయాన్ని ఒక ప్రిన్సిపాల్ పట్టించుకోబట్టి తెలుగుజాతికి ఇంత మిగిలింది.

ఇక్కడ మీలో కొందరు, "డ్రాయింగు నేర్చుకుంటే లెక్కల్లో మార్కులు పెరుగుతాయా?" అని అడగవచ్చు. ఈ మధ్య సమ్మర్ క్యాంపుల కరపత్రాల్లో అలాగే రాస్తున్నారు. నా వృత్తికి లాభం కదా అని ఆ మాటను సమర్థించను. అమెరికాలో ఎలెన్ విన్నర్, లోయిస్ హెట్లండ్ అనే పరిశోధకురాళ్లు అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ కూడదీసి పరిశీలించి, కళలవల్లనే ఇతర సబ్జెక్టుల్లో మార్కులు పెరుగుతాయనడానికి చాలావరకు గట్టి ఆధారం లేదని 2000లో ప్రకటించారు. వాళ్లు కళలకు శత్రువులు కారు. కళను మార్కులకు నిచ్చెనగా చూపితే, ఆ మార్కులు రానినాడు నిచ్చెన పారేస్తారని హెచ్చరించారు. మన పిల్లలున్న అమెరికాలోనే హ్యూస్టన్ నగరంలో 42 బడుల్లో పదివేలమందికి పైగా పిల్లల మీద జరిగిన మరో అధ్యయనం 2019లో వెలువడింది. కొన్ని బడులను లాటరీ పద్ధతిలో ఎంచి, అక్కడ కళల బోధన పెంచారు. ఆ బడుల్లో క్రమశిక్షణ తప్పి శిక్షకు గురైన పిల్లల శాతం మిగతా బడులతో పోలిస్తే 3.6 పాయింట్లు తగ్గింది. రాతలో మార్కులు కొంత మెరుగయ్యాయి. తోటివారి పట్ల దయ కొంత పెరిగింది. లెక్కల్లో అద్భుతాలేమీ జరగలేదు. దయ పెరిగిందంటే అది చిన్న ఫలితమా? మీరే ఆలోచించండి.

మరి చట్టం ఏమంటోంది? 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో, ఆరు నుంచి ఎనిమిది తరగతులున్న బడిలో పిల్లల సంఖ్య వంద దాటితే కళావిద్యకు, ఆరోగ్య వ్యాయామ విద్యకు, పని విద్యకు పార్ట్‌టైం బోధకులు ఉండాలని స్పష్టంగా ఉంది. 2020 జాతీయ విద్యావిధానం కళలకూ శాస్త్రాలకూ మధ్య గట్టి గీతలుండరాదన్నది. కాగితం మీద లోటు లేదు. మనం ప్రభుత్వంలో పనిచేసి వచ్చినవాళ్లం కనుక, జి.ఓ.కూ అమలుకూ మధ్య దూరం ఎంతో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

నేను 2006లో పదవీ విరమణ చేశాను. ఆ బడిలో నా స్థానంలోకి ఇంకొకరు రాలేదు. రెండేళ్ల తర్వాత ఏదో సభకు పిలిస్తే వెళ్లాను. డ్రాయింగు గదిలో మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు పేర్చి ఉన్నాయి. ఆ బస్తాల మీద నాకు కోపం లేదు. పిల్లలకు ముందు అన్నం పెట్టవలసిందే. కానీ బస్తాలకు ఇంకో చోటు దొరుకుతుంది, పిల్లవాడి పదో ఏడు మళ్లీ దొరకదు.

కాబట్టి మనమేం చెయ్యగలమో చెప్పి ముగిస్తాను. మనకు పదవి లేదు గానీ ఓపిక ఉంది, అర్జీ రాయడం తెలుసు.

మొదటిది బడి సంగతి. చట్ట ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులూ సంరక్షకులే ఉండాలి. మీ అబ్బాయినో కోడలినో ఆ సమావేశానికి పంపండి. ప్రైవేటు బడి అయితే తల్లిదండ్రుల సమావేశానికి మీరే వెళ్లండి. మూడు ప్రశ్నలు వెయ్యండి. టైంటేబుల్లో చిత్రలేఖనానికి వారానికి ఎన్ని పీరియడ్లు? వాటిని ఎవరు చెబుతున్నారు? ఈ ఏడాది మా పిల్ల వేసిన బొమ్మలేవి, చూపించండి? మూడో ప్రశ్నే అసలైనది. టైంటేబుల్లో పీరియడ్ ఉండడం వేరు, పిల్ల పుస్తకంలో బొమ్మ ఉండడం వేరు.

రెండోది మన చేతిలో పని. ఈ ఊళ్లో రిటైరైన డ్రాయింగు మాస్టర్లం, క్రాఫ్టు టీచర్లం కొందరమున్నాం. హార్మోనియం వాయించేవారు, బుర్రకథ చెప్పినవారు, బుట్టలు అల్లడం తెలిసిన అమ్మలు ఉన్నారు. ప్రధానోపాధ్యాయుల అనుమతితో వారానికి ఒక గంట ఒక బడికి వెళ్లగలిగితే చాలు. బోధకుల ఖాళీలు భర్తీ చెయ్యవలసిన బాధ్యత మాత్రం ప్రభుత్వానిదే. మనం వెళుతున్నాం కదా అని ఆ సంగతి అడగడం మానకూడదు. మన గంట ఆ పోస్టుకు బదులు కారాదు.

మూడోది ఇల్లు. దీనికి ఖర్చు లేదు. పాత క్యాలెండరు వెనక వైపు, బొగ్గుముక్క, ఇటుకముక్క, పసుపు, కాస్త గోరింటాకు చాలు. పిల్ల చెయ్యి పట్టుకుని గీయించకండి. మీరే వేసి పెట్టకండి. గీతలోపల రంగు నింపే పుస్తకాలు కొని ఇచ్చి అదే చిత్రలేఖనం అనుకోకండి. రబ్బరు దాచిపెట్టండి. "ఇదేం బొమ్మ?" అనకుండా, "దీని కథ చెప్పమ్మా" అని అడగండి. ఫలానా పిల్లకు బహుమతి వచ్చింది, నీకు రాలేదేం అని అనకండి. బొమ్మ వెనక తేదీ వేసి దాచండి. మన సర్వీసు రిజిస్టరు ఎంత జాగ్రత్తగా చూసుకున్నామో, ఆ కట్టను కూడా అలాగే చూసుకోండి. నాలుగేళ్ల తర్వాత తీసి చూస్తే ఆ పిల్ల ఎలా ఎదిగిందో ఏ ప్రోగ్రెస్ కార్డూ చెప్పనంత బాగా చెబుతుంది.

మన కార్యవర్గానికి ఒక ప్రతిపాదన. వచ్చే ఏడాది ఇదే రోజున ఈ హాలు గోడలకు మన మనవల బొమ్మలు తగిలిద్దాం. పోటీ వద్దు, ప్రథమ ద్వితీయ బహుమతులు వద్దు. ఎవరు తెస్తే వారివన్నీ తగిలిద్దాం. కళ లేదని మనం వదిలేసిన పిల్లల బొమ్మలు ముందు వరసలో ఉండాలని నా కోరిక.